స్కూలు ల్యాబుకు నెట్‌వర్క్: కేబుల్ లాగాలా, వైఫై పెట్టాలా?

నెట్‌వర్క్ అంటే ఏమిటని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగితే సగం మంది ఇంటర్నెట్ అంటారు. మిగతా సగం ఫోను తెర పైభాగాన కనిపించే గీతలు అంటారు. రెండూ పూర్తిగా తప్పని అనలేం గానీ, ఆ అవగాహనతో ల్యాబుకు సామాను కొనడానికి వెళ్తే డబ్బు తప్పకుండా వృథా అవుతుంది. రెండు కంప్యూటర్ల మధ్య ఒక కేబుల్ వేసి, ఒకదానిలోని ఫైలును రెండోదానిలో తెరవగలిగితే చాలు, అది నెట్‌వర్కే. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా బిల్లూ అక్కర్లేదు. ఇలాంటి నెట్‌వర్కులు లక్షల సంఖ్యలో ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఏర్పడేదే ఇంటర్నెట్.

అందుకే ఎంచుకోవాల్సినవి రెండు విడివిడి సంగతులు. ల్యాబు లోపలి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి ఎలా కలపాలన్నది ఒకటి. ఆ ల్యాబును బయటి ప్రపంచంతో ఎలా కలపాలన్నది రెండోది. చాలా బడుల్లో రెండోదానితో మొదలుపెట్టి మొదటిదాన్ని మరిచిపోతారు. నేను మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఒకసారి సరిగ్గా వేసిన కేబుల్ పదేళ్లయినా పనిచేస్తుంది, ఇంటర్నెట్ కనెక్షన్‌ను మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

లెక్కలకు వీలుగా ఒక బడిని అనుకుందాం. ఒక గదిలో 20 కంప్యూటర్లు, పాఠాలు దాచి ఉంచే సర్వర్ ఒకటి, ఆవరణకు అటువైపు ఆఫీసు గది, టీచర్ల చేతుల్లో కొన్ని ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అయినా ప్రైవేటు బడి అయినా చిత్రం దాదాపు ఇదే.

కేబులా, వైఫైనా?

ముందు ఒక చిన్న మెలిక తెలుసుకోవాలి. నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఒక బైట్‌కు 8 బిట్లు. 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) కనెక్షన్ ఉందంటే సెకనుకు 40 మెగాబైట్లు కాదు, 5 మెగాబైట్లే దిగుతాయి. కనెక్షన్ తీసుకున్న వారంలోనే చాలామంది మోసపోయామని అనుకోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు 600 మెగాబైట్ల పాఠం వీడియోను 20 మంది పిల్లలూ ఒకేసారి తమ కంప్యూటర్లలోకి దింపుకోవాలి. మొత్తం 12,000 మెగాబైట్లు, అంటే 96,000 మెగాబిట్లు. 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద నేరుగా దింపుకుంటే 40 నిమిషాలు పడుతుంది, పీరియడ్ అయిపోతుంది. అదే వీడియోను ముందుగానే సర్వర్‌లో పెట్టి, పాతకాలపు 100 ఎంబీపీఎస్ స్విచ్ (కేబుళ్లన్నిటినీ కలిపే డబ్బా) ద్వారా పంచితే 16 నిమిషాలు. సెకనుకు వెయ్యి మెగాబిట్లు పంపే గిగాబిట్ స్విచ్ పెడితే లెక్క ప్రకారం 96 సెకన్లు. సర్వర్‌లోని హార్డ్ డిస్కు అంత వేగాన్ని అందుకోలేక కాస్త ఆలస్యమైనా, నాలుగైదు నిమిషాల్లో పని ముగుస్తుంది.

మరి వైఫై? డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. అది గాలిలో ప్రయాణించే గరిష్ఠ వేగం, మన చేతికి వచ్చేది కాదు. చుట్టుపక్కల ఇళ్ల వైఫైల సందడి మధ్య, 20 యంత్రాలు ఒకే డబ్బాకు వేలాడితే అందరికీ కలిపి 50 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోవడం మామూలే. ఆ వేగంతో పై పనికి 32 నిమిషాలు కావాలి. సర్వర్ అదే గదిలో ఉన్నా సరే!

ఎందుకిలా? వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. పంపేవాళ్లు, అందుకునేవాళ్లు అందరూ వంతులవారీగానే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండు సందేశాలూ చెడిపోతాయి, మళ్లీ పంపాలి. ఈ చిక్కు వైఫై కంటే పాతది. హవాయి దీవుల్లోని విశ్వవిద్యాలయం 1971లో రేడియో తరంగాలతో అలోహానెట్ అనే నెట్‌వర్క్ నడిపినప్పుడు ఎదురైంది ఇదే. ఆ ఆలోచననే రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో కేబుల్ మీదికి తెచ్చి ఈథర్‌నెట్‌ను తయారుచేశారు. వేగం 2.94 ఎంబీపీఎస్. అప్పట్లో అందరికీ కలిపి ఒకటే లావుపాటి కేబుల్, కాబట్టి అక్కడా వంతులే. తరువాత స్విచ్‌లు వచ్చి ప్రతి కంప్యూటర్‌కూ విడి దారి దొరకడంతో కేబుల్ ఆ బాధ నుంచి బయటపడింది. గాలిని మాత్రం ముక్కలు చేసి తలొకరికీ ఇవ్వడం అంత సులువు కాదు. వైఫై 6 ప్రమాణం కొంతవరకు ఆ పని చేస్తుంది, ఒకే వంతులో పలువురికి చోటిస్తుంది. కానీ అటు డబ్బా, ఇటు కంప్యూటర్ రెండూ ఆ తరానివి అయితేనే ప్రయోజనం. బడుల్లోని పాత డెస్క్‌టాప్‌లకు అది అందదు.

వైఫైలో మళ్లీ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పట్టీలు కనిపిస్తాయి. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, కానీ అందులో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు 1, 6, 11 మూడే. వీధంతా ఆ మూడింటి మీదే పడి ఉంటుంది. రెండోదానికి చానళ్లు ఎక్కువ, వేగం ఎక్కువ, గోడ అడ్డం వస్తే మాత్రం నీరసపడుతుంది. ఒకే గదిలో వాడేటట్టయితే 5 గిగాహెర్ట్జ్ తీసుకోండి.

నా సలహా సూటిగా ఇదీ: బల్ల మీద నుంచి కదలని యంత్రానికి కేబుల్, చేతిలో తిరిగే యంత్రానికి వైఫై. 20 డెస్క్‌టాప్‌లకు 20 వైఫై డాంగిళ్లు (కంప్యూటర్‌కు గుచ్చితే వైఫై అందుకునే చిన్న పరికరాలు) కొనే బడులు ఉన్నాయి. గోడకు మేకు కొట్టకూడదనే షరతుతో అద్దెకు తీసుకున్న భవనమైతే తప్ప ఆ పని చేయకండి. టాబ్లెట్లతోనే పాఠాలు చెప్పే బడి అయితే అది వేరే సంగతి. అప్పుడు ఇళ్లలో వాడే చిన్న రౌటర్ కాకుండా పైకప్పుకు బిగించే యాక్సెస్ పాయింట్ (ఎక్కువ యంత్రాలకు వైఫై అందించే డబ్బా) పెట్టాలి. ఇంటి రౌటర్ పాతిక యంత్రాలు దాటగానే తడబడుతుంది. ఏది పెట్టినా పాస్‌వర్డ్ రక్షణ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. అంతకు ముందుదైన డబ్ల్యూఈపీ ఏనాడో బద్దలైపోయింది.

హబ్, స్విచ్, రౌటర్

పాఠ్యపుస్తకాల్లో ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మూడింటిలో ఒకటి ఎంచుకోవాలేమోనని పిల్లలు అనుకుంటారు. నిజానికి పోటీ హబ్‌కూ స్విచ్‌కూ మధ్యే, అదీ ఎప్పుడో ముగిసింది. హబ్ వచ్చిన ప్రతి సందేశాన్నీ తరగతిలో నిలబడి కేక వేసినట్టు అందరికీ వినిపిస్తుంది, తనది కానివాళ్లు విని వదిలేయాలి. పాత ఆఫీసు మూసేస్తూ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా ల్యాబులో పెట్టకండి. పాఠం చెప్పేటప్పుడు చూపించడానికైతే దాచుకోండి.

స్విచ్ చేసే పనిని మాత్రం కాస్త దగ్గరగా చూడాలి. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే 48 బిట్ల చిరునామా ఒకటి వస్తుంది, దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. కొత్తగా కరెంటు పెట్టిన స్విచ్‌కు ఏ చిరునామా ఎక్కడుందో తెలియదు. మూడో పోర్టులో (కేబుల్ గుచ్చే రంధ్రంలో) ఉన్న కంప్యూటర్ ఒక సందేశం పంపగానే, పంపినవారి చిరునామా చూసి ‘ఇది మూడో పోర్టు’ అని తన పట్టికలో రాసుకుంటుంది. అందుకోవాల్సినవారు ఎక్కడున్నారో ఇంకా తెలియదు కాబట్టి ఆ ఒక్కసారికి మిగతా పోర్టులన్నిటికీ పంపుతుంది. ఏడో పోర్టు నుంచి జవాబు రాగానే ఆ చిరునామానూ రాసుకుంటుంది. అక్కడినుంచి ఆ ఇద్దరి మాటలు మూడు, ఏడు పోర్టుల మధ్యే సాగుతాయి. అదే సమయంలో నాలుగుకూ తొమ్మిదికీ మధ్య వేరే సంభాషణ పూర్తి వేగంతో నడుస్తూ ఉంటుంది. చాలా స్విచ్‌లు ఐదు నిమిషాల పాటు చప్పుడు లేని చిరునామాను పట్టిక నుంచి తీసేస్తాయి. కంప్యూటర్‌ను ఒక పోర్టు నుంచి తీసి ఇంకో పోర్టులో గుచ్చినా, అక్కడినుంచి సందేశం రాగానే స్విచ్ పట్టికను దిద్దుకుంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. ఎవరూ ఏమీ అమర్చకుండానే ఇదంతా జరుగుతుంది.

ఎన్ని పోర్టుల స్విచ్ కొనాలి? మన బడికి 20 కంప్యూటర్లు, సర్వర్, రౌటర్, వైఫై డబ్బా కలిపి 23. కాబట్టి 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి. ఎనిమిది పోర్టులవి మూడు కొని గొలుసుగా కలిపితే చవకగా పడుతుందని దుకాణదారు చెప్పవచ్చు. కలిపే కేబుళ్లకే నాలుగు పోర్టులు పోయి మీకు ఇరవైయే మిగులుతాయి. పైగా అవతలి స్విచ్ మీదివాళ్లంతా సర్వర్‌ను చేరుకోవడానికి ఒకే కేబుల్‌లో తోసుకోవాలి.

మేనేజ్డ్ (మనం అమరికలు మార్చుకోగలిగేది), అన్‌మేనేజ్డ్ (అమరికలేవీ లేనిది) అని స్విచ్‌లలో ఇంకో తేడా ఉంది. రెండోది చవక, పెట్టిన వెంటనే పనిచేస్తుంది, ల్యాబుకు చాలు. ఒక్క ప్రమాదం గుర్తుంచుకోండి. వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో ఒక పిల్లవాడు చక్కగా సర్దాలని అదే స్విచ్‌లోని ఖాళీ పోర్టులో గుచ్చేస్తాడు. అందరికీ పంపే సందేశం ఒకటి ఆ వలయంలో పడి అంతం లేకుండా తిరుగుతూ, క్షణాల్లో వేలకు వేలై ల్యాబు మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. స్విచ్ మీది దీపాలన్నీ ఒక్కసారిగా పిచ్చిగా మిణుకుమంటుంటే ముందు ఆ కేబుల్ కోసం వెతకండి. ఇలాంటి వలయాలను స్విచ్‌లే గుర్తించి మూసేసే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించారు. మేనేజ్డ్ స్విచ్‌లలో అది ఉంటుంది, చవక వాటిలో సాధారణంగా ఉండదు.

రౌటర్ పని వేరు. మీ నెట్‌వర్క్‌కూ బయటి నెట్‌వర్క్‌కూ మధ్య గుమ్మంలో ఉంటుంది. లోపలి యంత్రాలకు 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే అంకెల చిరునామాలు) పంచేదీ సాధారణంగా అదే. పాత ఐపీ పద్ధతిలో సాధ్యమైన చిరునామాలు ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్లు మాత్రమే. అందుకే బడి లోపల ఎన్ని కంప్యూటర్లున్నా బయటికి ఒకే చిరునామాతో కనిపించేలా రౌటర్ చూసుకుంటుంది. ఏదైనా కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే రౌటర్ నుంచి దానికి ఏమీ అందలేదని అర్థం. కేబుల్ చూడండి, ఆ తరువాతే మిగతావి.

కంప్యూటర్లను కలిపే ఆకారాల గురించి పరీక్షలో బస్, రింగ్, స్టార్, మెష్ అని అడుగుతారు. రాసి మార్కులు తెచ్చుకోండి. ల్యాబులో మాత్రం స్విచ్ చుట్టూ స్టార్ తప్ప మరొకటి ఎంచుకునే పనే లేదు.

కేబుల్ కొనేటప్పుడు

క్యాట్ 5ఈ, క్యాట్ 6 రెండూ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తాయి. క్యాట్ 6 అయితే దాదాపు 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు కూడా మోయగలదు. ల్యాబుకు ఈరోజు 5ఈ సరిపోతుంది. గోడలోపలి పైపుల్లో వేసి మళ్లీ తీయడం కుదరని చోట మాత్రం 6 వేయండి. కేబుల్ ధరలో తేడా కొంచెమే, గోడ మళ్లీ పగలగొట్టే కూలే ఎక్కువ.

ఈ రెండింటి మధ్య తర్జనభర్జన కంటే ముఖ్యమైనది ఒకటుంది. అచ్చమైన రాగి కేబుళ్లతో పాటు, అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి కూడా బజారులో అదే పేరుతో, అదే రంగు తొడుగుతో దొరుకుతాయి. సీసీఏ అని చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొనేముందు ఒక చిన్న ముక్క అడగండి. తొడుగు చీలిస్తే లోపల మెలితిప్పిన నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు కనిపిస్తాయి. ఒక తీగ మీది ప్లాస్టిక్ తీసి బ్లేడుతో మెల్లగా గీకండి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అది రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది, సిగ్నల్‌ను త్వరగా నీరసింపజేస్తుంది, కేబుల్ ద్వారానే కరెంటు అందుకునే యాక్సెస్ పాయింట్లు పెడితే వేడెక్కుతుంది కూడా. కట్ట మొత్తం కొన్నాక తెలిస్తే చేసేదేమీ లేదు.

కొసలకు ఆర్‌జే45 ప్లగ్గు బిగించడం పిల్లలే నేర్చుకోవచ్చు, నేర్పించాలి కూడా. మన దగ్గర ఎక్కువగా వాడే వరుస: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే వరుస ఉండాలి. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత వచ్చి కూర్చుంటుంది, కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే. ప్లగ్గు దగ్గర జతల మెలికను అవసరానికి మించి విప్పకండి. పక్క తీగల అలజడి తగలకుండా కాపాడేది ఆ మెలికే.

ఆవరణకు అటువైపున్న ఆఫీసు గదికి ఏమి వేయాలి? 60 మీటర్లే కదా అని రాగి కేబుల్‌ను చెట్ల మీదుగా లాగేస్తుంటారు. ఇక్కడ మాత్రం ఫైబర్ వేయండి. వేసవి చివరి గాలివానలో దగ్గర్లో పిడుగు పడితే, ఆరుబయట ఉన్న రాగి తీగలోకి ఒక్కసారిగా విద్యుత్తు వచ్చి రెండు వైపుల స్విచ్‌లనూ కాల్చేస్తుంది. రెండు భవనాల ఎర్తింగ్‌ల మధ్య తేడా ఉన్నా ఇబ్బందే. ఫైబర్‌లో గాజు పోగు గుండా వెలుగు పోతుంది తప్ప కరెంటు పోదు. బలం కోసం లోపల ఉక్కు తీగ పెట్టిన రకాలు ఉంటాయి, మీరు లోహం లేనిదే అడగండి. రెండు కొసల్లో రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుగును రాగి కేబుల్ సిగ్నల్‌గా మార్చే డబ్బాలు) పెడితే పని అయిపోతుంది.

బయటికి దారి

ఊళ్లో ఫైబర్ ఉంటే అదే తీసుకోండి, పెద్దగా ఆలోచించాల్సింది లేదు. ఇళ్లకు, బడులకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి. దాన్ని 32 లేదా 64 కనెక్షన్లు పంచుకుంటాయి. సాయంత్రం ఊరంతా టీవీ ముందు కూర్చున్నప్పుడు నెమ్మదించినా, బడి నడిచే పగటివేళ సాధారణంగా బాగుంటుంది. దొరుకుతుందో లేదో తెలుసుకోవడానికి ముందు గ్రామ పంచాయతీలో అడగండి. కేంద్ర ప్రభుత్వ భారత్‌నెట్ పథకం కింద ఫైబర్ వేసింది ముఖ్యంగా పంచాయతీల దాకా. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ అనే రాష్ట్ర ప్రభుత్వ నెట్‌వర్కులు ఉన్నాయి. కరెంటు స్తంభాల మీదుగా వచ్చే తీగ అయితే పెనుగాలి వచ్చినప్పుడు తెగుతుంది, బాగుచేయడానికి ఎవరు, ఎన్ని రోజుల్లో వస్తారో కనెక్షన్ తీసుకునే ముందే అడగాలి. నెలవారీ ధర కంటే ఈ జవాబే ముఖ్యం.

మొబైల్ 4జీ, 5జీ హాట్‌స్పాట్ తాత్కాలికానికి మంచిది. కానీ ఒక లెక్క చూడండి. మామూలు నాణ్యతలో వీడియో గంటకు సుమారు 600 మెగాబైట్లు తింటుంది. 20 మంది ఎవరికి వారు చూస్తే గంటకు 12 గిగాబైట్లు. రోజుకు 2 గిగాబైట్ల పరిమితి ఉన్న సిమ్ అయితే పది నిమిషాల్లో ఖాళీ. ఒకే వీడియోను ప్రొజెక్టర్ మీద వేసి అందరూ చూసే బడికి మాత్రం అదే సిమ్ హాయిగా సరిపోతుంది.

ఫైబరూ రాని, టవరూ అందని ఏజెన్సీ కొండ గ్రామాలకు ఉపగ్రహమే గతి. ఒకే చోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాలు దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అడిగిన మాట పైకి వెళ్లి కిందికి రావాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి రావాలి. వెలుగు వేగంతో పోయినా దాదాపు అర సెకను. పాఠాలు దింపుకోవడానికి ఫర్వాలేదు, వీడియోలో మాట్లాడుకోవడానికి విసుగు. పాత టెలిఫోన్ తీగ మీది కనెక్షన్ ఎక్స్ఛేంజీ నుంచి దూరం పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఇప్పుడు కొత్తగా తీసుకోవాల్సిన పని లేదు.

చేతిలో డబ్బు పరిమితమైతే వరుస ఇలా ఉంచుకోండి: మంచి స్విచ్, రాగి కేబుల్, స్విచ్‌కూ సర్వర్‌కూ యూపీఎస్, ఆ తరువాతే ఇంటర్నెట్. ఇంటర్నెట్ లేని ల్యాబులో కూడా కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సర్వర్‌లో తెలుగు వికీపీడియాను పెట్టి 20 కంప్యూటర్లలోనూ చదివించవచ్చు. ఎక్కడో ఒకచోట ఫైలు దింపి పెన్‌డ్రైవ్‌లో తెస్తే చాలు. ఇంటర్నెట్ ఉండి లోపలి నెట్‌వర్క్ సరిగా లేని ల్యాబుకు ఈ వీలు లేదు.

నేర్చుకోవడానికి ఏది?

ల్యాబు ఎవరో అమర్చిపెడతారు, మాకు నేర్చుకోవడం కావాలి అనే విద్యార్థులకు మూడు దారులున్నాయి. నెట్‌వర్క్ సామాను తయారుచేసే సిస్కో కంపెనీ ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్, తెరమీదే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్, ఉచితం, పేరు నమోదు చేసుకోవాలి. నిజమైన రౌటర్లకు ఇచ్చే ఆదేశాలే అందులో ఇవ్వవచ్చు. ఇంటర్ తరువాత ఇదే రంగంలోకి వెళ్లాలనుకునేవారికి అది మంచిది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి మాత్రం దాని మెనూలే బెదురు పుట్టిస్తాయి. వారికి నేను జర్మనీలో బడిపిల్లల కోసమే తయారైన ఫిలియస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే చెబుతాను. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్ తెరమీదికి లాగి, గీత కలిపి, సందేశం ఒక్కో అడుగూ ఎలా పోతుందో చూడవచ్చు.

మూడోది అసలు సామాను. ఐదు పోర్టుల చిన్న స్విచ్, రెండు పాత కంప్యూటర్లు, మీరే ప్లగ్గులు బిగించిన రెండు కేబుళ్లు. ఒకదానికి 192.168.1.10, రెండోదానికి 192.168.1.20 అని చేత్తోనే చిరునామా ఇచ్చి, మొదటిదాని నుంచి రెండోదానికి పింగ్ (‘ఉన్నావా?’ అని అడిగే చిన్న సందేశం) ఇవ్వండి. బయటి సందేశాలను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ జవాబు చెప్పనివ్వక మొరాయించవచ్చు, దాన్ని అనుమతించాలి. జవాబు వచ్చాక రెండోదాని చిరునామాను 192.168.2.20గా, సబ్‌నెట్ మాస్క్‌ను (చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే అంకెను) 255.255.255.0గా ఉంచి మళ్లీ పింగ్ ఇవ్వండి. కేబుల్ అదే, స్విచ్ అదే, దీపాలూ వెలుగుతూనే ఉంటాయి, జవాబు మాత్రం రాదు. ఆ రెంటినీ మళ్లీ మాట్లాడించాలంటే మధ్యలో ఏ డబ్బా పెట్టాలో పైన చెప్పిన మూడింటిలోంచి మీరే ఎంచుకోండి.